ఉత్తరాంధ్ర తిరుగుబాట్లు, ఉదారవాదుల స్వేచ్ఛ: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల చరిత్ర గురించి మాట్లాడడానికి కళాశాలలకో గ్రంథాలయాలకో వెళ్ళినప్పుడల్లా నాకు దాదాపు ఒకే రకం ప్రశ్నలు ఎదురవుతుంటాయి. మన రాజులు ఈస్టిండియా కంపెనీతో పోరాడింది స్వేచ్ఛ కోసమేనా, స్వేచ్ఛ అన్న మాటే ఇంగ్లీషు చదువులతో వచ్చిందా, స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన దేశం మనల్ని ఎలా ఏలగలిగింది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అడిగినవారందరికీ విడివిడిగా జవాబు రాయడం కష్టమై, అన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు మూడు వాక్యాలతో ముగుస్తాయి.

ఉదారవాదం అంటే ఏమిటి? దానగుణానికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. పేరు విని దానధర్మాల సంగతి అనుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు గాని, ఇది ఒక రాజకీయ సిద్ధాంతం పేరు. ఇంగ్లండులో జాన్ లాక్ 1689లో వెలువరించిన ప్రభుత్వ సిద్ధాంత గ్రంథంలో దీనికి గట్టి పునాది పడింది. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కులనీ, వాటిని కాపాడుకోవడానికే జనం తమలో తాము ఒప్పుకొని ప్రభుత్వాన్ని ఏర్పరచుకొంటారనీ, ఆ ప్రభుత్వమే వాటిని కాజేయబూనితే దాన్ని దించే హక్కు జనానికి ఉంటుందనీ లాక్ వాదించాడు. ఆచరణలో దీని నుంచి రెండు నియమాలు పుట్టాయి. పన్ను కట్టేవాడి సమ్మతి లేకుండా పన్ను వేయకూడదు. అధికారి ఎవరైనా తన ఇష్టం వచ్చినట్టు కాక, ముందే ప్రకటించిన చట్టం ప్రకారమే మనిషిని పట్టుకోవాలి, శిక్షించాలి.

ఇంత రాసిన లాక్‌కు ఆఫ్రికా నుంచి బానిసలను తరలించే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు ఉండేవి. ఈ సంగతి మొదట్లోనే చెప్పడం మంచిది. మన ప్రాంతపు ఘటనలను పై రెండు నియమాలతో కొలిచేటప్పుడు, ఆ కొలబద్దను తయారుచేసినవారిని కూడా దానితోనే కొలవాల్సి వస్తుంది.

అమెరికా వలసల తిరుగుబాటుకూ మన ఉత్తర సర్కారులకూ ఏమిటి సంబంధం?

రెండు చోట్లా కథ నడిపింది ఒకే కంపెనీ, ఒకే పార్లమెంటు, ఒక్కోసారి ఒకే మనుషులు. బ్రిటిష్ పార్లమెంటు 1765 మార్చిలో అమెరికా వలసల మీద స్టాంపు పన్ను వేసింది. ఆ పార్లమెంటులో తమ ప్రతినిధి ఒక్కడూ లేనప్పుడు తమ మీద పన్ను వేసే అధికారం దానికి ఎక్కడిదని అక్కడివారు ఎదురుతిరిగారు. అదే ఏడాది ఆగస్టు 12న ఢిల్లీ పాదుషా షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేస్తూ ఫర్మానా ఇచ్చాడు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలన్నీ అందులోవే. ఆ మరుసటి ఏడాది నవంబరులో నిజాం కూడా ఒడంబడిక చేసుకొని తన వంతు ఒప్పుకోలు రాసిచ్చాడు. అక్కడ ఒక్క స్టాంపు పన్ను మీద ఖండం అంతా లేచింది. ఇక్కడ ఇచ్ఛాపురం నుంచి కృష్ణ దాకా ఉన్న నేల ఒక కాగితం మీద చేతులు మారింది. ఆ నేల మీద బతుకుతున్నవారిని సరే, దాన్ని ఏలుతున్న జమీందార్లను కూడా ఎవరూ మాట అడగలేదు.

1773 డిసెంబరు 16 రాత్రి బోస్టను రేవులో 342 పెట్టెల తేయాకును సముద్రంలో పారబోశారని మనం బడిలో చదువుకొన్నాం. ఆ తేయాకు ఈస్టిండియా కంపెనీదే. అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీని గట్టెక్కించడానికి పార్లమెంటు ఆ ఏడాది చేసిన చట్టం వల్ల అమెరికాలో తేయాకు ధర నిజానికి తగ్గింది. అయినా వలసవాసులు ఒప్పుకోలేదంటే, వారి తగాదా ధర గురించి కాదని తెలుస్తుంది. తమ సమ్మతి లేకుండా వేసిన పన్ను ఎంత చిన్నదైనా, ఒకసారి కడితే ఆ అధికారాన్ని ఒప్పుకొన్నట్టేనన్నది వారి వాదన.

ఇంకొక లంకె బ్రిటిష్ సేనాని లార్డు కారన్‌వాలిస్. ఇతడు 1781 అక్టోబరులో యార్క్‌టౌను దగ్గర అమెరికా సేనకు లొంగిపోయాడు. అయిదేళ్ళు తిరక్కుండానే గవర్నరు జనరలై కలకత్తాలో దిగి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. అదే 1802లో మన జిల్లాలకు వచ్చింది. వలసవాసుల చేతిలో ఓడిన సేనాని చేసిన భూమి ఏర్పాటు కిందే మన తాతముత్తాతలు నూటయాభై ఏళ్ళ దాకా శిస్తు కట్టారు.

బొబ్బిలి యుద్ధాన్ని వలస పాలనకు ఎదురుతిరిగిన పోరాటంగా లెక్కించవచ్చా?

నా దృష్టిలో లెక్కించకూడదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి వచ్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ అయినా, అతణ్ణి తీసుకువచ్చింది విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు. రెండు సంస్థానాల పాతపగకు పరాయి ఫిరంగి తోడైంది. కోటలోని ఆడవారు, పిల్లలు ఎలా ప్రాణాలు విడిచారో, తాండ్ర పాపారాయుడు డేరాలో జొరబడి విజయరామరాజును ఎలా పొడిచాడో ఈ ప్రాంతంలో చెప్పనక్కరలేదు. ఆ తెగువ నిజం. కాని దాన్ని స్వేచ్ఛా సిద్ధాంతంలోకి లాగితే అటు సిద్ధాంతానికీ న్యాయం జరగదు, ఇటు పాపారాయుడికీ జరగదు. ఈ కథలో నేను గమనించేది వేరే ఉంది. మరుసటి ఏడాదే విజయనగరం వారసుడు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారితో చేతులు కలిపాడు, చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. ఒక విదేశీయుణ్ణి దించడానికి మరొక విదేశీయుణ్ణి ఎక్కించిన ఆ ఏర్పాటు పర్యవసానం ముప్ఫై ఆరేళ్ళ తరవాత పద్మనాభంలో కనిపించింది.

1794 నాటి పద్మనాభ యుద్ధం స్వాతంత్ర్య సమరమా, బకాయిల తగాదానా?

ఇది నేను ఎక్కువగా వినే ప్రశ్న. సూటిగా చెప్పాలంటే బకాయిల తగాదాగా మొదలైంది. కాని బకాయిల తగాదా అన్నంత మాత్రాన అది చిన్నదైపోదు, అమెరికాలో కూడా పన్ను తగాదాయే ముదిరి యుద్ధమైంది.

జరిగినదాన్ని వరసగా చూద్దాం. ఆనంద గజపతిరాజు తరవాత చిన విజయరామరాజు చిన్న వయసులోనే గద్దెకు వచ్చాడు. సంస్థానం తనకు కట్టే కప్పాన్ని, అంటే పేష్కష్‌ను, కంపెనీ ఏటేటా పెంచుతూ పోయింది, సంస్థానం శిబ్బందీని, అంటే సొంత సైనిక బలగాన్ని, తగ్గించమంది, బకాయి పడిందని 1793లో జమీను స్వాధీనం చేసుకొంది. ఆపైన రాజును ఊరు విడిచి మచిలీపట్నం వెళ్ళి, నెలకు 1,200 రూపాయల భత్యం మీద కాలక్షేపం చేయమని ఆజ్ఞాపించింది. రాజు బయలుదేరాడు గాని మచిలీపట్నం దారిలో ముందుకు సాగలేదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్య, అనంత పద్మనాభస్వామి కొండ దగ్గర తన బలగంతో ఆగిపోయాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సిపాయిలు మీద పడ్డారు. పోరాటం గంటలోపే ముగిసింది. రాజూ, ఆయన చుట్టూ నిలబడిన క్షత్రియ దొరలూ అక్కడే కూలిపోయారు.

ఆ కొండ మెట్లు వెయ్యికి పైనే ఉంటాయి. సగం దాకా ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే కింద పొలాలు, తాటిచెట్లు, గోస్తని పారే పల్లం కనిపిస్తాయి. దాక్కోవడానికి చోటు లేని మైదానం అది. పారిపోవాలనుకొన్నవాడు విడిది చేసే స్థలం కాదని, సైన్యం సంగతి ఏమీ తెలియని నాకే అర్థమైంది. రాజు అక్కడ ఆగడంలోనే ఒక నిర్ణయం ఉందని అప్పటి నుంచి నా నమ్మకం.

ఇప్పుడు మన కొలబద్ద పెడదాం. కంపెనీ పేష్కష్‌ను ఎవరి సమ్మతితో పెంచింది? ఎవరి సమ్మతితోనూ కాదు. రాజును ఊరు వదలమన్న ఆజ్ఞ ఏ న్యాయస్థానం ఇచ్చింది? ఏదీ ఇవ్వలేదు. బకాయి కోరేదీ, విచారించేదీ, తీర్పు చెప్పేదీ, సిపాయిలను పంపేదీ ఒకే మద్రాసు కౌన్సిలు. లాక్ ఏ పాలనను నిరంకుశం అన్నాడో అది ఇదే, కాబట్టి రాజు ఎదురునిలవడం ఆ సిద్ధాంతం ప్రకారం న్యాయమే అవుతుంది. అయితే రాజు తన రైతు సమ్మతి అడిగాడా అంటే, ఆయనా అడగలేదు. ఆయన నిలబడింది వంశ మర్యాద కోసం, పూర్వం నుంచి వస్తున్న హక్కు కోసం. మనుషులందరి హక్కు కోసం కాదు. ఆయన వీరమరణాన్ని గౌరవిస్తూనే ఈ మాట చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

యుద్ధం తరవాత ఆయన కొడుకు నారాయణబాబును కొండ జమీందార్లు మక్కువ వైపు కొండల్లో దాచి కాపాడారు. వారిని అణచడం తేలిక కాదని గ్రహించిన కంపెనీ చివరికి రాజీకి వచ్చి, బాగా కుదించిన జమీను అతనికి తిరిగి ఇచ్చింది. 1802లో ఆ జమీకి అయిదు లక్షల రూపాయల పేష్కష్ స్థిరపడింది.

ఇంగ్లండులో ఈ దౌర్జన్యాన్ని తప్పుపట్టినవారు ఒక్కరూ లేరా?

ఉన్నారు. సంపద పుట్టుక మీద 1776లో వచ్చిన తన గ్రంథంలోనే ఆడమ్ స్మిత్, వర్తకుల కంపెనీకి రాజ్యాధికారం కట్టబెట్టడం ఎంత అసంగతమో నిర్మొహమాటంగా రాశాడు. తన లాభమే చూసుకొనే వర్తకుడికి ఏలుబడిలో ఉన్నవాడి మేలు పట్టదన్నది ఆయన తర్కం. ఎడ్మండ్ బర్క్ ఇంకా ముందుకు వెళ్ళి, ఇండియాలో కంపెనీ గవర్నరు జనరలుగా పనిచేసిన వారన్ హేస్టింగ్సు మీద పార్లమెంటులో అభిశంసన నడిపించాడు. 1788లో మొదలైన ఆ విచారణలో బర్క్ తన ముగింపు ప్రసంగాన్ని తొమ్మిది రోజుల పాటు చేసి, 1794 జూన్ 16న ముగించాడు. అధికారం ఎక్కడ ఉన్నా చట్టానికి లోబడాలనీ, సముద్రం దాటినంత మాత్రాన నీతి మారదనీ ఆయన వాదించిన ఇరవై నాలుగు రోజులకు పద్మనాభంలో కంపెనీ తుపాకులు పేలాయి. ఆ ఉపన్యాసం ఇక్కడికి చేరలేదు, ఇక్కడి కాల్పుల మోత అక్కడికి చేరలేదు. మరుసటి ఏడాది హేస్టింగ్సు నిర్దోషిగా బయటపడ్డాడు.

శాశ్వత శిస్తు పద్ధతి ఆస్తిహక్కు ఇచ్చింది కదా, అది ఉదారవాదానికి అనుకూలమే కదా?

కాగితం మీద అనుకూలమే. శిస్తు ఏటేటా మారకుండా ఒకేసారి నిర్ణయిస్తే భూస్వామికి భద్రత కలిగి, పొలం మీద పెట్టుబడి పెడతాడని కారన్‌వాలిస్ వంటివారు నమ్మారు. కాని ఆస్తి ఎవరిదని నిర్ణయించడంలోనే అసలు తిరకాసు ఉంది. మద్రాసు ప్రభుత్వం 1802లో సనదులు, అంటే హక్కు పత్రాలు, రాసి ఇచ్చింది జమీందార్లకు. తరతరాలుగా అడవి కొట్టి, చెరువు తవ్వి, దున్నుతున్న రైతు ఆ సనదులో దివాణానికి శిస్తు కట్టేవాడుగానే మిగిలాడు. మనిషి తన శ్రమ కలిపిన నేల అతనిది అవుతుందని లాక్ రాసినదాన్ని నిజంగా పాటించి ఉంటే పట్టా నాగలి పట్టినవాడికి దక్కాలి. పోనీ జమీందారుకైనా భద్రత వచ్చిందా అంటే, గంజాం, విశాఖ జిల్లాల్లో ఎన్నో చిన్న జమీలు బకాయిల కింద వేలంపాటలో పోయాయి.

రైతుకు కనీసం కాగితమైనా ఉండాలని 1865లో ఒక చట్టం వచ్చింది. జమీందారు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలిక, అంటే ఒప్పుకోలు పత్రం, రాసివ్వాలి అన్నది దాని సారం. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ముత్తాతగారి నాటి ముచ్చిలిక నకలు ఒకటి ఉంది. ఒక మూల చెదలు తినేసింది. తూర్పున చెరువుగట్టు, పడమర తాటితోపు అంటూ హద్దులు రాసిన తరవాత, వానలు కురవకపోయినా శిస్తు తగ్గించమని అడగననీ, గట్టు మీద చెట్టు దివాణం అనుమతి లేకుండా కొట్టననీ ఆయన చేత ఒప్పించుకొన్నారు. సంతకం ఉండవలసిన చోట చిన్న నాగలి బొమ్మ గీసి ఉంది, పక్కన కరణం చేతిరాతతో నిశానీ అని ఉంది. చదవడం రాని మనిషి చదవలేని షరతుల కింద నాగలి గీశాడు. సమ్మతి అనే మాట మీద ఎంత పెద్ద చర్చ జరిగినా నాకు ముందు ఆ బొమ్మే గుర్తుకు వస్తుంది.

రైతులు సాగుచేసే జిరాయితీ భూమి మీద వారికి స్థిరమైన సాగు హక్కు 1908 నాటి ఎస్టేట్సు భూమి చట్టంతో గాని రాలేదు. అప్పటికి శాశ్వత పద్ధతి వచ్చి నూరేళ్ళు దాటింది.

ఏజెన్సీ ప్రాంతాలకు వేరే చట్టం ఎందుకు పెట్టారు?

1832 నుంచి 1834 దాకా పర్లాకిమిడి, పాలకొండ, విశాఖ ప్రాంతాల్లో వరసగా తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపారు. పాలకొండ జమీను ప్రభుత్వం లాగేసుకొని, తరవాత ఆర్బత్‌నాట్ అనే వర్తక సంస్థకు కౌలుకిచ్చింది. రస్సెల్ సలహా మీదే 1839లో 24వ చట్టం వచ్చి, గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించింది. ఏజెన్సీ అన్న మాట మనకు అక్కడి నుంచే వచ్చింది.

దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. మైదానపు వకీళ్ళు, షావుకార్లు, కోర్టు జప్తులు కొండవారిని నమిలేయకుండా ఇది కొంత అడ్డుపడిందని సమర్థించేవారు ఉన్నారు, అందులో కొంత నిజం ఉంది. అయితే ఉదారవాదం మొదటి సూత్రం చట్టం అందరికీ ఒకటేనన్నది. పన్ను వసూలు చేసేవాడూ, పోలీసును నడిపేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒకే అధికారి అయినప్పుడు అక్కడ ఉన్నది చట్టం కాదు, అధికారి మనసు. మంచివాడైతే బతికిపోతారు.

కొర్ర మల్లయ్య ఎవరు? ఆయనను స్వాతంత్ర్య యోధుడు అనవచ్చా?

మల్లయ్య సాలూరు ప్రాంతంలో, పాచిపెంట దగ్గరి కొర్రవానివలసకు చెందిన కొండదొర తెగవాడు. 1900లో తనకు దేవుడు పూనాడని చెప్పుకొన్నాడు. తాను పాండవుల్లో ఒకడి అవతారమనీ, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడనీ, ఇంగ్లీషువాళ్ళను తరిమి తానే రాజ్యం ఏలుతాననీ ప్రకటించాడు. నాలుగైదు వేల మంది ఆ ఊళ్ళో చేరారు. వెదురు బొంగులను తుపాకుల ఆకారంలో చెక్కి, వాటితో కవాతు చేశారు. సమయం వచ్చినప్పుడు వెదుళ్ళు నిజమైన తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయని మల్లయ్య మాట. మే 1న సంగతి చూద్దామని వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళను గుంపు కొట్టి చంపింది. మే 7 తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు విశాఖ, పార్వతీపురం, జయపురం పోలీసు బలగంతో ఆ ఊరి మీద పడ్డాడు. కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. అరవై మందిని విచారించారు, ఇద్దరిని ఉరితీశారు. మల్లయ్య జైల్లోనే చనిపోయాడు. కృష్ణుడనుకొన్న ఆ బిడ్డ కూడా బతకలేదు.

ఈ వివరాలన్నీ మనకు తెలిసింది అణచినవారి దస్త్రాల ద్వారానే. వాటిలో మల్లయ్యను మూఢభక్తుల నాయకుడిగానే రాశారు. వెదురు తుపాకీని చూసి నవ్వుకోవడం తేలిక. అయితే ఆ మనుషులకు వేరే ఏ దారి తెరిచి ఉంది? మహజరు రాద్దామంటే అక్షరాలు రావు, కోర్టుకు వెళ్దామంటే ఏజెంటే కోర్టు, ప్రతినిధిని పంపుదామంటే సభే లేదు. అవతారం ఎత్తడం ఒక్కటే ఎవరి అనుమతీ అక్కరలేని రాజకీయం. అలాగని ఇద్దరు కానిస్టేబుళ్ళ హత్యను వీరకృత్యంగా చెప్పడం నాకు ఇష్టం లేదు, వారూ జీతం రాళ్ళ కోసం వచ్చినవారే. యోధుడా కాదా అన్న ముద్ర వేసే పని నేను చేయను.

స్వేచ్ఛ మీద పుస్తకం రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ కంపెనీ ఉద్యోగి అన్నది నిజమేనా?

నిజమే. 1823లో పదిహేడేళ్ళ వయసులో లండనులోని కంపెనీ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 1858 దాకా ముప్ఫై అయిదేళ్ళు పనిచేశాడు. సంస్థానాలతో నడిచే ఉత్తరప్రత్యుత్తరాలు చాలాకాలం ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. మరుసటి ఏడాది, 1859లో, వ్యక్తిస్వేచ్ఛ మీద ఆయన ప్రసిద్ధ గ్రంథం వెలువడింది. ఇతరులకు హాని చేయనంతవరకు ఎవడి జోలికీ ప్రభుత్వం వెళ్ళకూడదన్న సూత్రాన్ని దానిలో చెప్పి, వెంటనే ఒక మినహాయింపు పెట్టాడు. ఈ సూత్రం బుద్ధి పరిపక్వమైన మనుషులకే గాని పిల్లలకు వర్తించదనీ, జాతి మొత్తం ఇంకా బాల్యదశలో ఉన్న వెనుకబడిన సమాజాలకూ వర్తించదనీ, వారిని బాగుచేసే ఉద్దేశం ఉంటే నిరంకుశ పాలన న్యాయమేననీ రాశాడు. ఆ బాలల జాబితాలో మనమూ ఉన్నాం.

విజయనగరం మహారాజా కళాశాల వంటి చోట్ల మన కుర్రవాళ్ళు తరవాత ఈ ఇంగ్లీషు విద్యనే చదివి, మినహాయింపును పక్కకు నెట్టి సూత్రాన్ని మాత్రం తమదిగా పుచ్చుకొన్నారు. అరువు తెచ్చుకొన్న కత్తితోనే అరువిచ్చినవాడి తాడు కోశారు.

మనవారు హక్కుల భాషలో మొదట ఎప్పుడు మాట్లాడారు?

మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, స్పష్టంగా కనిపించే తొలి ప్రయత్నం గాజుల లక్ష్మీనరసుసెట్టిది. ఆయన ముందు నిలిచి 1852లో మద్రాసు స్థానిక ప్రజల సంఘాన్ని ఏర్పాటుచేశారు. శిస్తు వసూళ్ళలో రైతులను హింసిస్తున్నారని ఆ సంఘం పార్లమెంటుకు మొరపెట్టుకొంది. దాని ఫలితంగా వేసిన విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదికలో వేళ్ళను చెక్కల మధ్య బిగించి నొక్కడం, తలను కాళ్ళకు వంచి కట్టి ఎండలో నిలబెట్టడం వంటివి నిజమేనని తేలింది. ఆ హింస చేసిన చేతులు చాలావరకు మనవాళ్ళవే, కింది స్థాయి రెవిన్యూ, పోలీసు ఉద్యోగులవి. వసూలు లెక్క చూపమని పైనుంచి ఒత్తిడి చేసినవారు మాత్రం దొరలు.

ఒకడు కత్తి పట్టకుండా, అవతారం ఎత్తకుండా, మీ చట్టాన్నే మీరు తప్పారని సాక్ష్యాలతో పాలకుణ్ణి నిలదీయడం మన రాజకీయంలో కొత్త సంగతి. తరవాత దాదాభాయి నౌరోజీ చేసింది కూడా ఇదే. ఇండియాలో నడుస్తున్న పాలన బ్రిటిష్ ఆదర్శాలకే విరుద్ధమని ఆయన అంకెలు వేసి చూపించాడు.

పాట పాడినందుకు జైల్లో పెట్టారంటే, వాక్స్వేచ్ఛ గురించి వారి సిద్ధాంతం ఏమైనట్టు?

నరసన్నపేట దగ్గరి గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ గురించి ఈ ప్రశ్న వస్తుంది. సహాయనిరాకరణ రోజుల్లో తెల్లదొరతనం తమకొద్దంటూ ఆయన కట్టిన పాట ఊరూరా పాకింది. చదువురానివారి నోట కూడా నిలిచే పాట కాబట్టే ప్రభుత్వానికి భయం వేసింది, ఆయనను జైలుకు పంపింది. ప్రభుత్వం మీద అయిష్టం రెచ్చగొట్టడమే నేరమని చెప్పే రాజద్రోహం సెక్షను 1870లో శిక్షాస్మృతిలో చేరింది. ప్రభుత్వాన్ని ప్రేమించి తీరాలని చట్టం ఎలా శాసించగలదని గాంధీ 1922లో కోర్టులోనే వాదించి, ఆరేళ్ళ శిక్ష వేయించుకొన్నాడు. ఇక్కడ సిద్ధాంతం ఏమీ కాలేదు, సముద్రం దాటేటప్పుడు దాన్ని ఓడలో ఎక్కించలేదు, అంతే.

ఉప్పు సత్యాగ్రహంలో ఉదారవాదం ఉందా?

సగం ఉంది. మద్రాసు రాజధానిలో కంపెనీ 1805లోనే ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తీసుకొంది. నౌపడ ఉప్పుమళ్ళ పక్కనే పుట్టి పెరిగినవాడు కూడా సముద్రపు నీరు ఎండగా మిగిలిన ఉప్పును దోసెడు ఎత్తుకొంటే నేరస్థుడే. సమ్మతి లేని పన్ను అన్న పాత వాదమే గాంధీ చేతిలోనూ ఉంది. శిక్షను కోరి తెచ్చుకోవడం, ఎదుటివాడి మనసు మార్చాలనుకోవడం మాత్రం లాక్ దగ్గర నేర్చుకొన్నవి కావు.

మందస గున్నమ్మ పోరాడింది బ్రిటిష్‌వారితోనా, జమీందారుతోనా?

ఇద్దరితోనూ. ఆమె కాలానికి ఆ ఇద్దరినీ విడదీయడం సాధ్యం కాదు. మందస జమీలో అడవి మీద దివాణం పెత్తనం. వంటచెరుకు తెచ్చుకొన్నా, నాగలికి కొయ్య కొట్టుకొన్నా దొంగతనం కింద లెక్క. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా 1937, 38లలో సాగిన రైతు రక్షణ యాత్ర, 1940లో పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ రైతుల్లో ధైర్యం నింపాయి. అడవిలోకి వెళ్ళి కట్టెలు కొట్టుకొని బళ్ళ మీద తెచ్చుకొన్న గుడారి రాజమణిపురం రైతులను అరెస్టు చేయడానికి 1940 ఏప్రిల్ 1న పోలీసులు వచ్చారు. తమవాళ్ళను తీసుకుపోతుంటే సాసుమాన గున్నమ్మ ఎదురు వెళ్ళింది. కాల్పుల్లో ఆమెతో సహా అయిదుగురు చనిపోయారు.

జమీందారు ఆస్తిని కాపాడడానికి సర్కారు తుపాకీ వచ్చింది. ఆ ఆస్తిని జమీందారుకు రాసిచ్చింది 1802 నాటి సర్కారు సనదే. పద్మనాభంలో కంపెనీ తుపాకీ రాజు మీద పేలింది. నూటనలభై ఆరేళ్ళకు మందసలో అదే సర్కారు తుపాకీ జమీందారు తరఫున రైతు మీద పేలింది. మన జిల్లాల ప్రతిఘటన చరిత్రను రాజుల పేర్లతో మొదలుపెట్టి రాజుల పేర్లతోనే ముగించేవారు ఈ రెండో కాల్పులను ఎక్కడ సర్దాలో తెలియక వదిలేస్తుంటారు. నన్నడిగితే లాక్ చెప్పిన హక్కు కోసం సూటిగా నిలబడింది గున్నమ్మే. ఆమె లాక్ పేరు విని ఉండదు. తన కష్టంతో తెచ్చుకొన్న కట్టెలు తనవేనన్నది ఆమెకు ఎవరూ పాఠం చెప్పవలసిన సంగతి కాదు.

జమీందారీలు 1948 నాటి 26వ చట్టంతో రద్దయ్యాయి.

పోటీ పరీక్షలకు చదువుతున్నాం. ఎక్కడ పొరబడే అవకాశం ఉంది?

ఊళ్ళ దగ్గరే ఎక్కువ పొరబాట్లు జరుగుతాయి. పద్మనాభ యుద్ధం విజయనగరం రాజుదే అయినా ఆ ఊరు ఇప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉంది. పాచిపెంట, సాలూరు, మక్కువ 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పాత పుస్తకాల్లో గంజాం జిల్లా అని ఉన్నదానిలో ఇప్పటి శ్రీకాకుళం ప్రాంతం చాలావరకు కలిసి ఉంటుంది, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అది విశాఖలో చేరి, 1950లో విడి జిల్లా అయింది. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. అలాగే పెద విజయరామరాజు బొబ్బిలి యుద్ధానికి, చిన విజయరామరాజు పద్మనాభ యుద్ధానికి చెందినవారు. ఈ ఇద్దరినీ ఒక్కరే అనుకొని రాసినవారి జవాబుపత్రాలు నేను లెక్కలేనన్ని దిద్దాను. శ్రీముఖలింగం వెళ్ళేటప్పుడు తగిలే జలుమూరును కూడా గుర్తుపెట్టుకోండి. పర్లాకిమిడి రాజు నారాయణదేవును కర్నల్ పీచ్ 1768లో ఓడించింది అక్కడే, అంటే పద్మనాభానికి ఇరవై ఆరేళ్ళ ముందే.